నీ నవలలోని డ్రేక్ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి భాగం చదివాను. వాక్యం నీ చెప్పుచేతల్లోకి వచ్చింది, అందులో సందేహం లేదు. 1586లో ఇంగ్లీషువాళ్లు చీకట్లో ఇప్పటి కొలంబియాలోని కార్తహేనా రేవు మీద పడే ఘట్టం ఆపకుండా చదివించింది. ఉప్పునీళ్లలో ఈడ్చుకుంటూ నడిచొస్తున్న మనుషుల్ని బాగా పట్టుకున్నావు. చిక్కల్లా నీ ఫ్రాన్సిస్ డ్రేక్‌తోనే. గదిలోకి వచ్చిన ప్రతిసారీ పగలబడి నవ్వుతాడు, బల్ల మీద కత్తి గుచ్చుతాడు, సీసా ఎత్తి గటగటా తాగుతాడు. నాలుగోసారి వచ్చేసరికి నాకు అతనంటే భయం పోయింది. ఉత్తరంలో నువ్వే అడిగావు కదా, "సముద్రపు దొంగే కదా మాస్టారూ, అంతకంటే లోపల ఏముంటుంది?" అని. దానికే ఈ జవాబు. కాస్త పొడుగైంది, తీరిగ్గా చదువు.

నీ డ్రేక్ ఇంగ్లీషు కథల్లోంచి, సినిమాల్లోంచి నడిచొచ్చాడు. అక్కడ ఓడదొంగ అంటే సరదా. కానీ అతని చేతిలో ఇళ్లు కాలినవాళ్లు కూడా అతని గురించి రాశారు. రాజుగారికి పెట్టుకున్న ఫిర్యాదులతో ఊరుకోలేదు, పెద్ద పెద్ద కావ్యాలే రాశారు. 16వ శతాబ్దం చివర్లో, 17వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న అమెరికాలో వీరకావ్యం రాయని చదువుకున్నవాడు తక్కువేమో అనిపిస్తుంది. చిలీలో యుద్ధం చేసిన అలోన్సో ద ఎర్సీయా 'లా అరౌకానా' అనే కావ్యాన్ని 1569, 1578, 1589ల్లో మూడు భాగాలుగా అచ్చు వేయించాడు. తర్వాతి వాళ్లందరికీ అదే ఒరవడి. ఎనిమిది పాదాల పద్యం, పాదానికి పదకొండు అక్షరాలు, మొదటి ఆరు పాదాల్లో అంత్యప్రాస ఒకటి విడిచి ఒకటి, చివరి రెండు పాదాలకు జంటప్రాస. ఆ జంటప్రాసలో కవి ఒక తీర్పో, ఒక ఎత్తిపొడుపో చెప్పి పద్యం మూస్తాడు. మన శతకాల మకుటం దగ్గర వచ్చే ఊపు లాంటిదే అక్కడా వస్తుంది.

ఎర్సీయా రాసింది ఓడదొంగల గురించి కాదు, స్పెయిన్‌కు లొంగని అరౌకో తెగల గురించి. కాకపోతే శత్రువును గొప్పవాడిగా చూపించడం ఎలాగో అందరికీ నేర్పిందతనే. అతని కావ్యంలో లౌతారో, కౌపోలికాన్ లాంటి ఆదివాసీ నాయకుల ముందు చాలామంది స్పానిష్ వీరులు వెలవెలపోతారు. మన దండి కావ్యాదర్శంలో చెప్పింది గుర్తుందా? శత్రువు వంశాన్ని, పరాక్రమాన్ని, చదువును కూడా వర్ణించి, అలాంటివాణ్ణి గెలిచాడని చెబితే నాయకుడి గొప్పతనం ఇంకా పెరుగుతుందని, అదే తనకు ఇష్టమని అన్నాడు. ఎర్సీయా దండిని చదివి ఉండడు. పనిచేసే సూత్రం కాబట్టి రెండుచోట్లా పుట్టింది.

అయితే ఓడదొంగ దగ్గరికొచ్చేసరికి ఈ సూత్రం ఒక్కో కవి చేతిలో ఒక్కోలా వంగింది. నేను నీకు చెప్పదలుచుకున్నది ఇదే. ఆ కావ్యాల్లో దొంగ ఎంత ఎత్తున కనిపిస్తాడన్నది అతను చేసిన పనులను బట్టి ఉండదు, కవికి అతనితో ఉన్న పనిని బట్టి ఉంటుంది. ఒకే డ్రేక్ ఒకరి దగ్గర మర్యాదస్తుడు, ఇంకొకరి దగ్గర నరకం నుంచి లేచిన జంతువు. నీ డ్రేక్‌తో నీకున్న పనేమిటో నువ్వింకా తేల్చుకోలేదు. అందుకే ఊరికే నవ్వుతున్నాడు.

ముందు హువాన్ ద కాస్తెయ్యానోస్‌ను చూడు. సెవిల్ దగ్గర అలనీస్‌లో 1522లో పుట్టి, కుర్రతనంలోనే అమెరికా వెళ్లి, సిపాయిగా తిరిగి, ముత్యాల వ్యాపారం జరిగే దీవుల్లో బతికి, చివరికి మతగురువై ఇప్పటి కొలంబియాలో కొండల మీదుండే తున్హా పట్నంలో స్థిరపడ్డాడు. తను చూసిన, విన్న దండయాత్రలన్నిటినీ మొదట వచనంలో రాసుకుని, తర్వాత పదేళ్లకు పైగా కూర్చుని పద్యాల్లోకి మార్చాడు. లక్ష పాదాలు దాటింది. నిజం చెప్పాలంటే చాలా భాగం విసుగు, మొత్తం చదవమని నీకు చెప్పను. కానీ డ్రేక్ కార్తహేనాను కొల్లగొట్టాడన్న కబురు తున్హాకు చేరగానే ఈ ముసలాయన కలం పట్టి, డ్రేక్ మీదే విడిగా ఒక పెద్ద భాగం రాశాడు. 'కప్తాన్ ఫ్రాన్సిస్కో ద్రాకె ప్రసంగం' అంటారు దాన్ని.

అందులో డ్రేక్‌ను పరిచయం చేసే పద్యం ఒకటుంది. మనిషి ఎర్రగా ఉంటాడట, ముఖం చూడ్డానికి ఇంపుగా ఉంటుందట. పొడుగు మాత్రం నడితరం కంటే ఒక మెట్టు తక్కువే, అయినా ఒడ్డూ పొడుగూ చక్కగా కుదిరిన ఒళ్లట. మాట కొలిచినట్టు, రాజసభలో మసలినవాడిలా ఉంటుందట. జవాబు చురుగ్గా వస్తుంది, చెయ్యి పెట్టిన ప్రతి పనిలోనూ బుర్ర వేగంగా తిరుగుతుంది, ముఖ్యంగా యుద్ధం విషయంలో పొరపాటు పడడం అరుదు, అసలు లేదేమో కూడా అంటాడు. ఈ మాటలు రాసింది ఇంగ్లీషు అభిమాని కాదు. తను పూర్వం బతికిన ఊరిని తగలబెట్టిన మనిషి గురించి, పైగా లూథర్ మతంవాడని తను అసహ్యించుకునే మనిషి గురించి, కేథలిక్ గురువు రాసిన మాటలివి.

ఇంత దగ్గరి చూపు ఎక్కడిది? కాస్తెయ్యానోస్ ఆ రోజుల్లో కార్తహేనాలో లేడు. ఇవి ఊరు వదిలిపోవడానికి ఎంత సొమ్మివ్వాలో బల్లకు అవతలివైపు కూర్చుని డ్రేక్‌తో బేరమాడినవాళ్లు చూసిన చూపులు. ఊరు వదిలి పారిపోయినవాళ్లు, ఉత్తరాలు మోసుకొచ్చినవాళ్లు చెప్పగా ఆయన ఏరుకున్నవి. 'కొంచెం పొట్టి' అన్న మాటనే చూడు. భయపడ్డవాడికి దొంగ ఎప్పుడూ ఆరడుగుల మనిషే. ఎదురుగా కూర్చుని డబ్బు లెక్కపెట్టినవాడికే అతను పొట్టి అని తెలుస్తుంది.

ఇక ఈ భాగానికి పట్టిన గతి చూడు. కాస్తెయ్యానోస్ కావ్యంలో మొదటి భాగం 1589లో మాడ్రిడ్‌లో అచ్చయింది. డ్రేక్ కథ మూడో భాగంలో ఉంది. దాన్ని పరిశీలించడానికి ప్రభుత్వం నియమించిన అధికారి పెద్రో సర్మియెంతో ద గంబోవా. ఆయన ఆ డ్రేక్ భాగం మొత్తాన్ని తీసేయించాడు. ఈ సర్మియెంతో ఎవరో తెలిస్తే నీకు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. 1579లో డ్రేక్ పసిఫిక్ తీరంలో ఓడలు కొల్లగొట్టి మాయమైతే, అతన్ని పట్టుకోమని పెరూలోని లిమా నుంచి దక్షిణ అమెరికా కొసన ఉన్న మెజెల్లన్ జలసంధికి పంపింది ఈయన్నే. దొరకలేదు. తర్వాత ఆ జలసంధిలో కోటలు కట్టి కాపలా కాద్దామని వందలమందిని తీసుకెళ్లి రెండు ఊళ్లు వెలయించాడు. వాళ్లలో చాలామంది ఆకలితో చచ్చారు. 1586లో స్పెయిన్‌కు వస్తుంటే ఈయన్నే ఇంగ్లీషు ఓడలు పట్టుకుని లండన్ తీసుకెళ్లాయి, అక్కడ ఎలిజబెత్ రాణితో లాటిన్‌లో మాట్లాడాడు. అలాంటివాడి బల్ల మీదికి 'డ్రేక్ యుద్ధంలో పొరపాటు పడడు' అనే పద్యం వచ్చింది! కారణం ఏం రాసి కొట్టేసినా, చెయ్యి వణికే ఉంటుందని నా ఊహ. ఆ భాగం 1921లో గానీ అచ్చు మొహం చూడలేదు.

లోపే ద వేగా దారి పూర్తిగా వేరు. ఆయన అమెరికా వెళ్లలేదు, మాడ్రిడ్‌లో నాటకాలతో వెలిగినవాడు. 1596 జనవరిలో డ్రేక్ పనామా తీరంలో పోర్తొబేలో దగ్గర రక్తవిరేచనాలతో చనిపోయాడు, శవాన్ని సీసం పెట్టెలో పెట్టి సముద్రంలో దింపారు. రెండేళ్లకు లోపే పది సర్గల కావ్యం తెచ్చాడు, పేరు 'లా ద్రాగొంతేయా'. డ్రేక్ పేరు స్పానిష్ నోట 'ద్రాకె' అయింది, లాటిన్‌లో 'ద్రాకో' అంటే ఘటసర్పం కాబట్టి, దాన్ని బైబిల్ చివరి గ్రంథంలోని ఘటసర్పంతో కలిపేశాడు. కావ్యం మొదట్లో క్రైస్తవమతం ఒక స్త్రీగా వచ్చి, స్పెయిన్‌ను, ఇటలీని, అమెరికాను వెంటబెట్టుకుని దేవుడికి మొర పెట్టుకుంటుంది. దురాశ ఆడరూపంలో డ్రేక్ కలలోకి వచ్చి, ఇంకా ఎందుకు పడుకున్నావని రెచ్చగొడుతుంది. చావు కూడా జబ్బుతో కాదు, తన మనుషులే విషం పెట్టి చంపారంటాడు. విరేచనాలతో చచ్చిన ఘటసర్పం కావ్యానికి పనికిరాదు మరి!

లోపే పద్యం నడక గొప్పది, ఒప్పుకుంటాను. అయినా ఆ పది సర్గలూ చదివాక డ్రేక్ ఎలా ఉంటాడో మనకు తెలియదు. కాస్తెయ్యానోస్ ఎనిమిది పాదాల్లో చెప్పింది ఇక్కడ మొత్తం మీద దొరకదు. పెద్ద పేరున్న కవి, తక్కువ పేరున్న కవి చేతిలో ఓడిపోయిన చోటు ఇది అని నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు, చదివి పోట్లాడు.

లోపేకి మాత్రం డ్రేక్‌తో ఉన్న పని స్పష్టం. కావ్యాన్ని కాబోయే రాజుకు అంకితమిచ్చాడు, దేశం మొత్తం మీద పడిన భయాన్ని ఒక జంతువుగా చేసి చంపి చూపించాడు. తమాషా ఏమిటంటే ఈయనకూ చిక్కులు తప్పలేదు. పనామాలో ఇంగ్లీషువాళ్లను తరిమిన ఘనత నోంబ్రె ద దియోస్ ఊరి అధికారి దియేగో స్వారెస్ ద అమాయాకి కట్టబెట్టాడు. ప్రభుత్వ లెక్కలో ఆ ఘనత సేనాపతి అలోన్సో ద సోతొమయోర్‌ది. ఆస్థాన చరిత్రకారుడు అంతోనియో ద ఎర్రేరా అభ్యంతరం పెట్టాడు. స్పెయిన్‌లోని కాస్తీయ్ రాజ్యంలో అనుమతి దొరక్క పుస్తకం పక్క రాజ్యమైన వలెన్సియాలో అచ్చయింది, కాస్తీయ్‌లో దాన్ని అమ్మకుండా ఆపే ప్రయత్నం జరిగింది. గొడవంతా దొంగను ఎలా చూపించాడన్న దాని మీద కాదు, దొంగను ఎవరు ఓడించారన్న దాని మీద.

మూడోవాడు నీ వయసువాడు. పెద్రో ద ఒన్యా 1570లో చిలీలోని అంగోల్‌లో పుట్టాడు. అతని 'అరౌకో దొమాదో' 1596లో లిమాలో అచ్చయ్యేనాటికి ఇరవై ఆరేళ్లు. అచ్చు వేసింది అంతోనియో రికార్దో, దక్షిణ అమెరికాలో మొట్టమొదటి ముద్రాపకుడు. ఎర్సీయా తన కావ్యంలో గార్సియా ఉర్తాదో ద మెందోసా అనే సేనాపతికి దక్కాల్సిన పేరు దక్కనివ్వలేదు. ఆయన తర్వాత పెరూకు వైస్రాయ్ అయ్యాడు. ఆ లోటు పూడ్చడానికే ఒన్యా కావ్యం. దాని చివరి సర్గల్లో ఒక ఇంగ్లీషు ఓడదొంగ వస్తాడు: రిచర్డ్ హాకిన్స్, వాళ్ల నోట 'రిచార్తె'.

1594లో ఇప్పటి ఎక్వడార్ తీరంలో అతాకామెస్ అఖాతం దగ్గర, వైస్రాయ్ బావమరిది బెల్త్రాన్ ద కాస్త్రో హాకిన్స్‌ను ముట్టడించి పట్టుకున్నాడు. మూడు రోజుల పోరు. ప్రాణాలకు హాని చేయనని మాటిస్తేనే హాకిన్స్ లొంగాడు. లిమాలోనేమో అతన్ని మతద్రోహిగా విచారించాలని ఇన్‌క్విజిషన్ అనే కేథలిక్ మత న్యాయస్థానం పట్టు. ఒన్యా కావ్యం అచ్చయిన రోజుల్లో హాకిన్స్ ఇంకా అదే ఊళ్లో బందీగా ఉన్నాడు. 1597లో గానీ అతన్ని స్పెయిన్‌కు పంపలేదు. తన కావ్యంలోని దొంగ తన ఊళ్లోనే ఊపిరి పీలుస్తూ ఉన్నప్పుడు, కవి అతన్ని ఎలా వర్ణిస్తాడు?

పడుచువాడు, అందగాడు, ధైర్యవంతుడు, నడవడిలో పెద్దింటివాడు, మంచి మాట, మంచి చెయ్యి, క్రూరుడు కాడు, కఠినుడు కాడు. ఇలా సాగుతుంది వరస. అయితే మధ్యలో చిన్న మెలిక పెట్టాడు. 'వాళ్ల మతం ఏం చెబుతుందో పక్కనపెట్టి, లోకనీతి ప్రకారం చూస్తే' అని. ఆ ఒక్క ముక్క మీద మొత్తం పొగడ్త నిలబడింది. అది లేకపోతే కవి కూడా ఇన్‌క్విజిషన్ గుమ్మం తొక్కేవాడే. హాకిన్స్ పెద్దమనిషైతేనే అతన్ని పట్టుకున్న బెల్త్రాన్ పెద్దవాడవుతాడు. బెల్త్రాన్ ఇచ్చిన మాట నిలబడాలన్నా అవతలివాడు మాట ఇవ్వదగినవాడై ఉండాలి. ఇక్కడ దండి సూత్రం అలంకారంగా ఆగిపోలేదు, ఒక బందీ మెడ కాపాడే పనిలో కూడా ఓ చెయ్యి వేసింది. అన్నట్టు హాకిన్స్ 1602లో విడుదలై ఇంటికెళ్లి, తర్వాత తన అనుభవాలు తనూ రాశాడు, 1622లో అచ్చయ్యాయి. ఒన్యా పుస్తకాన్ని మాత్రం లిమాలో అచ్చయిన ఏడాదిలోనే స్వాధీనం చేసుకోమని ఉత్తర్వులొచ్చాయి. దొంగ గురించి రాసినందుకు కాదు, ఇప్పటి ఎక్వడార్‌లోని కీతోలో పన్నుల మీద జరిగిన తిరుగుబాటు గురించి రాసినందుకు.

ఇక నీ నవలలో నాకు బాగా వెలితిగా కనిపించినదాని గురించి చెబుతాను. నీ కార్తహేనాలో రెండే జాతులున్నాయి: దోచేవాళ్లు, దోపిడీకి గురయ్యేవాళ్లు. నల్లవాళ్లు పల్లకీలు మోస్తూ, దీపాలు పట్టుకుని వెనకాల ఎక్కడో ఉన్నారు. ఈ కావ్యాలు రాసినవాళ్లంతా బానిసలున్న లోకంలో బతికినవాళ్లే, అయినా వాళ్లు కూడా ఆ పని చేయలేదు. చేయలేకపోయారు కూడా, ఎందుకంటే పనామా ఇరుకుభూమిలో దొంగకు దారి చూపించేదీ, దొంగను అడ్డగించేదీ సిమర్రోన్లే. బానిసత్వం నుంచి పారిపోయి అడవుల్లో సొంత ఊళ్లు కట్టుకున్న ఆఫ్రికన్లను అలా పిలిచేవారు. 1572-73లో డ్రేక్ స్పెయిన్ వెండి దోచింది వాళ్ల సాయంతోనే. 1596లో అదే డ్రేక్ మళ్లీ వస్తే, అప్పటికి స్పెయిన్‌తో ఒప్పందం చేసుకుని ఊరుగా స్థిరపడిన ఆ జనమే అతని మనుషుల మీద తిరగబడ్డారు. లోపే కావ్యంలో ఈ ఘట్టం ఉంది. ఘటసర్పం, దురాశ దేవత అన్నీ పక్కకు పోయి, కావ్యానికి కాస్త నేలవాసన తగిలేది అక్కడే.

దీన్ని ఇంకా విస్తారంగా చెప్పింది హువాన్ ద మిరామోంతెస్ సువాసోలా. పసిఫిక్ తీరం కాపలా నౌకాదళంలో సిపాయి, ఇంగ్లీషు ఓడల కోసం కళ్లు కాయలు కాచేలా సముద్రం వైపు చూసినవాడు. ఇరవై సర్గల 'ఆర్మాస్ అంతార్తికాస్'ను 1608 ప్రాంతంలో ముగించి వైస్రాయ్‌కి అంకితమిచ్చాడు. అచ్చయింది 1921లో. కాస్తెయ్యానోస్ డ్రేక్ వెలుగు చూసిన ఏడే! ఇందులో జాన్ ఆక్సెన్‌హామ్ కథ చదువు. 1576-77లో సిమర్రోన్లతో చేతులు కలిపి ఇరుకుభూమి దాటి, అవతలి నది ఒడ్డున ఓడ కట్టుకుని, పసిఫిక్‌లో తిరిగిన మొదటి ఇంగ్లీషువాడయ్యాడు. మిరామోంతెస్ దగ్గర సిమర్రోన్లకు రాజు ఉన్నాడు, సేనాని ఉన్నాడు, సభ ఉంది. ఇంగ్లీషువాడితో స్నేహం వల్ల తమకేం ఒరుగుతుందని వాళ్లలో వాళ్లు ఆలోచించుకుంటారు. వాళ్ల లెక్క వాళ్లది. ఆక్సెన్‌హామ్ ఎలా దొరికాడో ఆ కాలపు పోర్చుగీసు కథనం ఒకటి చెబుతుంది. వెంటాడుతున్న స్పానిష్ దళం నది మూడు పాయలుగా చీలిన చోట ఎటు పోవాలో తెలియక ఆగింది. ఒక పాయలోంచి కోడి ఈకలు కొట్టుకొస్తున్నాయి. ఎగువన ఎవరో వంట చేసుకుంటున్నారు! అటు పోయారు. 1580లో లిమాలో ఆక్సెన్‌హామ్‌ను ఉరితీశారు. నీకు ఇలాంటి ఈకలు కావాలి, బల్లలో గుచ్చే కత్తులు కాదు.

మార్తిన్ దెల్ బార్కో సెంతెనేరా 'లా అర్హెంతీనా' (లిస్బన్, 1602)లో డ్రేక్, థామస్ కావెండిష్ ఇద్దరూ వస్తారు. వెతికే ఓపిక ఉంటే చూడు, లేకపోతే వదిలెయ్. అర్జెంటీనా దేశానికి పేరు నిలబెట్టిన కావ్యంగానే దాని గొప్ప.

సిల్వెస్త్రె ద బల్బోవాను మాత్రం వదలకు. క్యూబాలో 1608లో రాసిన 'ఎస్పేహో ద పసియెన్సియా' రెండే సర్గలు, ఒక్క పూటలో అయిపోతుంది. 1604లో హిల్బెర్తో హిరోన్ అనే ఫ్రెంచి ఓడదొంగ యారా దగ్గర బిషప్ హువాన్ ద లాస్ కబేసాస్ అల్తమిరానోను ఎత్తుకుపోయి సొమ్ము అడిగాడు. సొమ్ము కట్టి బిషప్‌ను విడిపించుకున్నాక, బయామో ఊరివాళ్లు మాటు వేసి దొంగ ముఠాను చంపారు. హిరోన్‌ను చంపింది సల్వదోర్ గొలొమోన్ అనే నల్ల బానిస. కవి అక్కడ కథ ఆపి, బయామో ఊరిని పిలిచి, ఈ మనిషికి స్వేచ్ఛ ఇవ్వమని పద్యంలోనే అడుగుతాడు. రాతప్రతి 19వ శతాబ్దంలో బయటపడడంతో అది అసలుదేనా అని సందేహించినవాళ్లున్నారు, ఆ వాదన నువ్వే చదువుకో.

ఇందులో ఇంకో పొర ఉంది. బయామో జనం ఏళ్ల తరబడి ఇదే ఫ్రెంచి, ఇంగ్లీషు, డచ్చి ఓడలకు దొంగచాటుగా ఆవుతోళ్లు అమ్మి గుడ్డలు, సారాయి, బానిసల్ని కొనేవాళ్లు. 1603లో ప్రభుత్వం విచారణకు అధికారిని పంపితే ఊరు ఊరే నిందితుల జాబితాకెక్కింది. ఏడాది తిరక్కుండా అదే ఊరు దొంగ తల నరికి ఊరేగించింది. తర్వాత ఒక కవి, 'చూశారా మా రాజభక్తి' అన్నట్టు కావ్యం రాశాడు. దొంగకూ ఊరికీ పాత బాకీలు ఎన్ని ఉన్నాయో పద్యం చెప్పదు. నవల చెప్పగలదు. నీకు అక్కడే చోటుంది.

పండు విషయం చెప్పకుండా ఉండలేను. బిషప్ విడుదలై వచ్చినప్పుడు బల్బోవా గ్రీకు పురాణాల వనదేవతల్ని క్యూబా అడవిలోకి దింపి, వాళ్లకు స్థానిక ఆడవాళ్ల పరికిణీలు కట్టి, చేతుల్లో పళ్లు పెట్టి చెట్ల మీంచి దిగమంటాడు. అనాస, అరటి, టమాటా, అవకాడో, పొగాకు, పితహాయ. ఈ పితహాయే మన బజార్లో డ్రాగన్ ఫ్రూట్ పేరుతో అమ్ముతున్నది. వీటిలో కొన్ని ఓడలెక్కి మన వైపు కూడా వచ్చాయి కనుక, తెలుగు పాఠకుడికి ఆ పద్యం పొరుగూరి సంత జాబితాలా వినిపిస్తుంది. గ్రీకు దేవతలకూ క్యూబా పరికిణీలకూ పొంతన లేదని పండితులు నవ్వొచ్చు. నాకు మాత్రం ఆ కావ్యం మొత్తంలో ప్రాణం ఉన్నది ఆ పొంతనలేనితనంలోనే.

ఇప్పుడు నీ పని. ఏడో అధ్యాయంలో కార్తహేనా బేరం ఉంది కదా, దాన్ని అర పేజీలో తేల్చేశావు. 'భారీ మొత్తం వసూలు చేశాడు' అని రాసి ముందుకు పోయావు. నవలకు గుండెకాయ అక్కడే పెట్టుకుని దాటేశావు! డ్రేక్ మొదట అడిగింది నాలుగు లక్షల డుకాట్లు, అంటే ఆనాటి స్పానిష్ డబ్బు. తేలింది 1,07,000 దగ్గర. ఎందుకు తగ్గాడు? అట్లాంటిక్ దాటుతుండగానే ఓడల్లో జ్వరాలు అంటుకుని రెండు మూడు వందల మంది చచ్చారు, ఊరు పట్టుకున్నాక కూడా జనం పడిపోతూనే ఉన్నారు. ఆ సంగతి అవతలివాళ్లకు ఎంత తెలుసు? తెలియనివ్వకుండా ఉండడానికి డ్రేక్ రోజుకు కొన్ని ఇళ్లు తగలబెడుతూ బేరం నడిపాడు. ఎదురుగా కూర్చున్నది బిషప్, ఊరి పెద్దలు. వాళ్లకు కాలుతున్న ఇళ్ల యజమానుల పేర్లు తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక చిన్న గొడవ. ఊళ్లో దొరికిన కాగితాల్లో డ్రేక్ రాక గురించి హెచ్చరిస్తూ స్పెయిన్ రాజు పంపిన ఉత్తరం ఒకటి ఉంది. అందులో తనను ఓడదొంగ అన్నారని డ్రేక్ మండిపడ్డాడట. ఊరు తగలబెట్టి, చర్చి గంటల దాకా లెక్కకట్టి అడుగుతున్న మనిషి, ఆ మాటకు నొచ్చుకున్నాడు! నైట్‌హుడ్ ఉంది, రాణి దీవెన ఉంది, ఒడ్డు మీద అడుగు పెట్టినప్పటి నుంచి తను దేశం పక్షాన వచ్చిన సేనానినని అతని నమ్మకం. ఈ ఒక్క ఘట్టాన్ని సరిగ్గా రాస్తే, నీ డ్రేక్ నవ్వాల్సిన పనే ఉండదు. కాస్తెయ్యానోస్ చెప్పిన కొలిచినట్టు మాట్లాడే గొంతు ఎంత కొంచెంగా పెరిగిందో, ఆ గదిలో ఉన్న దుబాసీ ఆ కోపాన్ని స్పానిష్‌లోకి మార్చేటప్పుడు ఏ మాట మింగేశాడో రాయి.

ఆ గదిలో ఇంకొకరు కూడా ఉండాలి. దీపం పట్టుకున్న నల్ల కుర్రాడికి ఇంగ్లీషు ఓడలెక్కితే స్వేచ్ఛ దొరుకుతుందో, ఇంకో యజమాని దొరుకుతాడో తెలియదు. డ్రేక్ ఓడలు బయల్దేరేలోగా అతను తేల్చుకోవాలి. అతనికి ఒక పేరు పెట్టు, ఒక లెక్క పెట్టు. అతని పక్షం నువ్వు తీసుకోనక్కర్లేదు, అతను తన పక్షం తాను చూసుకుంటే చాలు.

అచ్చు గురించి అడిగావు. పైన చెప్పినవాళ్లలో ఒకరి పుస్తకంలో భాగం కోసేశారు, ఒకరి పుస్తకం స్వాధీనం చేసుకోమన్నారు, ఒకరి పుస్తకాన్ని అమ్మనివ్వకుండా అడ్డుపడ్డారు, ఇద్దరివి రాతప్రతులుగా శతాబ్దాలు పడి ఉన్నాయి. కాబట్టి ఏ ప్రచురణకర్త ఏమంటాడోనని ఇప్పటినుంచే టెన్షన్ పడకు. ఆ పేర్లూ చిరునామాలూ నవల పూర్తయ్యాక నేనే ఇస్తాను.

ఏడో అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు, మిగతాది ముట్టుకోకు. కత్తి ఒక్కసారి గుచ్చితే చాలు, అదీ తప్పదనుకుంటేనే.

ఆశీస్సులతో,
మీ మాస్టారు